స్పానిష్ ఇల్లు కావాలన్నందుకు ఇంట్లో మాటలు లేవు

అనంతపురం నుంచి ఒకావిడ ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు వేయవచ్చు, తన పేరు మాత్రం వద్దన్నారు. వయసు 54. భర్త ప్రభుత్వ ఉద్యోగం చేసి నిరుడు పదవీ విరమణ పొందారు. బదిలీల పుణ్యమా అని ముప్పై ఏళ్లలో పదకొండు అద్దె ఇళ్లు మారారు. "క్యాలెండరుకు మేకు కొట్టాలన్నా ఇంటావిడను అడగవలసిన బతుకు" అని రాశారు. ఇప్పుడు ఊరి చివర కాలనీలో 5 సెంట్ల స్థలంలో, 30 అడుగుల ముఖం, 72 అడుగుల లోతు ఉన్న జాగాలో, సొంత ఇల్లు కట్టబోతున్నారు.

రెండేళ్ల క్రితం కూతురి పురిటికి కాలిఫోర్నియా వెళ్లి ఆరు నెలలు ఉన్నారట. అక్కడ సాయంత్రం మనవరాలిని బండిలో తిప్పుతూ చూసిన ఇళ్లు మనసులో నాటుకుపోయాయి. తెల్లటి గోడలు, ఎర్రటి గుండ్రటి పెంకులు, కమాను వసారాలు, కిటికీలకు నల్లటి ఇనుప ఊచలు, మెట్ల అంచున రంగురంగుల పింగాణీ పలకలు. స్పానిష్ ఇళ్లంటారని కూతురు చెప్పింది. అలాంటివి నాలుగు వందల ఫోటోలు ఫోనులో దాచుకున్నారు. ఇంజనీరు ప్లాను గీయడానికి వచ్చిన రోజు వాటిని చూపించబోతే, భర్త "ఆడవాళ్లు ఏవో బొమ్మలు చూసి చెబుతుంటారు, మీరు పట్టించుకోకండి" అని నవ్వారట. "ఆ మాట నాతో అనలేదు, ఇంజనీరుతో అన్నారు. నేను అక్కడ లేనట్టే" అంటున్నారు ఈవిడ. ఆ కోపంలో "అయితే గృహప్రవేశానికి నేను రాను" అనేశారు. ఇరవై రెండు రోజులుగా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోవడమే తప్ప మాటలు లేవు.

బెంగళూరులో ఉన్న కొడుక్కి ముందువైపు అద్దాలు కావాలి. ఎనభై ఏళ్ల అత్తగారికి మాత్రం పెంకులంటే హడల్. "కోతులు ఒక్క పూటలో పీకి పారేస్తాయి. మిద్దె లేని ఇల్లు ఇల్లేనా, వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అంటున్నారు. ఖర్చు 35 లక్షలు దాటకూడదని భర్త నియమం. మేస్త్రీ లెక్క ప్రకారం 1,500 చదరపు అడుగులకు అడుగుకు 1,900. కమానులు, పెంకుల ఎలివేషనుకు అదనంగా 6 లక్షలు. బోరు, సంపు, ప్రహరీ కలిపి ఇంకో 5 లక్షలు. "నేను కోరింది అంత విడ్డూరమా? పట్టుబట్టనా, వదిలేయనా?" అన్నది ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో పెంకుల గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. ఇంజనీరు ముందు జరిగినదాని గురించి ఆరు వాక్యాలే ఉన్నాయి. ఆ ఆరు వాక్యాల దగ్గర మీ చేతిరాత మారిపోయింది, గమనించారా? అందుకే మొదట ఒకటి అడుగుతాను. ఆయన ఆ రోజు ఫోటోలన్నీ చూసి, మర్యాదగా "బాగున్నాయి, కానీ మన డబ్బుకు కుదరదు" అని ఉంటే మీరు గృహప్రవేశానికి రానని అనేవారా? అనేవారు కాదనే నా నమ్మకం. అంటే మీ దగ్గర రెండు తగాదాలు ఉన్నాయి. ఒకటి ఇంటిది, ఒకటి ఆ నవ్వుది. రెండూ కలిసిపోయి, ఇప్పుడు మీరు పెంకులు వదులుకుంటే పరువు వదులుకున్నట్టు, ఆయన పెంకులకు ఒప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు తయారైంది. పాపం పెంకులు అంత బరువు మోయలేవు. నవ్వు సంగతి చివర్లో చెబుతాను. ముందు ఇల్లు చూద్దాం.

మీరు కాలిఫోర్నియాలో చూసినవి కూడా అసలు కాదు, నకళ్లే. దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు, తెలిస్తే మీకే బలం. 1915లో శాన్ డియేగోలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు కట్టిన స్పానిష్ తరహా భవనాలు చూసి అక్కడివాళ్లు మోజుపడ్డారు. 1925లో శాంటా బార్బరాను భూకంపం కూల్చేస్తే, ఊరిని తిరిగి కట్టేటప్పుడు తెల్లగోడలు, ఎర్రపెంకుల పద్ధతినే ఎంచుకున్నారు. అక్కడి మామూలు ఇళ్లలో చాలావాటికి లోపల ఉండేది చెక్క చట్రం, పైన పూత. వేలితో తడితే డొల్లగా మోగుతుంది. మీకు ఫోటోలో మందంగా కనిపించే గోడ చాలాచోట్ల వేషమే.

అసలుది చూడాలంటే దక్షిణ స్పెయిన్‌కు, ఆండలూసియాకు పోవాలి. కార్డోబాలో, సెవిల్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. మన అనంతపురం ఎండే అనుకోండి. అందుకే అక్కడి పాత ఇల్లు వీధివైపు మూతి ముడుచుకుని ఉంటుంది. మందపు గోడ, చిన్న కిటికీలు, ఏటేటా సున్నం. అందమంతా లోపల దాచుకుంటుంది. ఇంటి మధ్యలో పైకప్పు లేని జాగా, దాని చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. దాన్ని వాళ్లు పాటియో అంటారు. కార్డోబాలో ఏటా మే నెలలో ఆ పాటియోల ఉత్సవం జరుగుతుంది, 2012లో యునెస్కో కూడా గుర్తించింది. గోడ నిండా, ఇంటి ఎత్తున, పూలకుండీలు వేలాడదీస్తారు. పై కుండీలకు నీళ్లు పోయడానికి పొడుగాటి కర్ర చివర చిన్న రేకు డబ్బా కట్టి, కింద నిలబడే ఒక్కో కుండీలోకి వంచుతారు. మామిడికాయలు కోసే దోటి లాంటిదే, కాకపోతే ఇది కోయడానికి కాదు, పోయడానికి.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గర కూర్చుని అడగండి. ఆవిడ పుట్టింట్లోనో, మెట్టినింట్లోనో తొట్టి ఉండేదా? మధ్యలో ఆకాశం కనిపించే తొట్టికట్టు ఇల్లు, చుట్టూ స్తంభాల వసారా, వానొస్తే మధ్యలో పడి తూము గుండా పోయే నీళ్లు. ఉండేదంటే, పాటియో అంటే ఏమిటో ఆవిడకు మీ ఇంజనీరు కంటే బాగా తెలుసు.

అత్తగారి మిద్దె సంగతి ఇంకా చిత్రం. గ్రనాడా దగ్గర అల్పుహర్రా అని కొండప్రాంతం ఉంది. అక్కడి ఊళ్లలో పెంకులే ఉండవు. దూలాల మీద బండలు పరిచి, వాటి మీద నీళ్లు దిగనివ్వని బూడిదరంగు మట్టిని దట్టించి చదును కప్పు వేస్తారు. ఆ మట్టి పేరు లౌనా. మన పల్లెల్లో దూలాలు, దంతెలు పేర్చి చౌడు కప్పిన మిద్దె కూడా ఇదే పని. కాదిస్, అల్మేరియా వంటి చోట్ల కూడా చదును కప్పులు మామూలు, వాటి మీద బట్టలు ఆరేసుకుంటారు, సాయంత్రం కూర్చుంటారు. కాబట్టి "మిద్దె కావాలి" అన్న మీ అత్తగారు మీ స్పానిష్ ఇంటికి అడ్డు రావడం లేదు. ఆమాటకొస్తే మీ ఫోనులోని ఫోటోల కంటే ఆవిడే స్పెయిన్‌కు దగ్గరగా ఉన్నారు.

కోతుల విషయంలోనూ ఆవిడ మాట తీసివేయకండి. స్పానిష్ పెంకు మన గూనపెంకుకు అన్నదమ్ముడే. అర్ధగొట్టంలా ఉండి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడుతుంది. ఈ మధ్య మేస్త్రీలు వాలు స్లాబు పోసి దాని మీద సిమెంటుతో పెంకు అతికిస్తున్నారు. అంటే నీళ్లు ఆపేది స్లాబే, పెంకు కేవలం నగ. కోతి ఒక పెంకును కదిలించినా ఇల్లు కారదు, నిజమే. కానీ విరిగిన పెంకు సందులో నీళ్లు నిలుస్తాయి, మార్చడానికి మనిషి దొరకడు, ఆ వాలు మీద ఎక్కడం మీ వల్ల కాదు. పైగా ఇంటి మీద వడియాలు, నీళ్ల ట్యాంకు, రేపు పెట్టబోయే సోలార్ పలకలు, వీటన్నిటికీ చోటు పోతుంది.

ఇక డబ్బు. మీ అంకెలతోనే లెక్క కట్టాను. ఇల్లు 28.5 లక్షలు. బోరు, సంపు, ప్రహరీ 5 కలిపితే 33.5. ఎలివేషను 6 చేరిస్తే 39.5. మీ వారి గీత 35 దగ్గర ఉంది. ఆ నవ్వు వెనుక కొంత ఈ భయం కూడా ఉండి ఉంటుంది. ఉద్యోగం ముగిసిన మనిషికి ఆరు లక్షలు అంటే జీతం ఉన్న రోజుల్లోని ఆరు లక్షలు కావు. ఇది ఆయన అన్న మాటకు సమర్థన కాదు, లెక్కకు సమర్థన.

మీ ముందున్న దారులు ఇలా కనిపిస్తున్నాయి.

ముందువైపు అంతా మీ ఫోటోలో ఉన్నట్టు కట్టించుకోవచ్చు. పట్టుబడితే సాధిస్తారు, మీ కూతురు కూడా పురిటి రుణం తీర్చుకుంటానని డబ్బు పంపవచ్చు. కానీ ఆ ఆరు లక్షలు వీధిలో పోయేవాళ్లు చూస్తారు, మీరు లోపల ఉంటారు. లోపల మామూలు హాలు, మామూలు గదులు, మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు. ఇంకొకటి, కమాను అందం దాన్ని మోసే స్తంభం మందంలో ఉంటుంది. 9 అంగుళాల సన్న స్తంభాల మీద ప్లైవుడ్ వంచి ప్లాస్టరింగ్ చేసిన కమానులు పెడితే పెళ్లిమండపం సెట్టులా ఉంటుంది. నేను చూసినవాటిలో పదికి ఎనిమిది అలాగే ఉన్నాయి. ఇటుకతో నిజమైన కమాను కట్టే పనివాళ్లు మీ దగ్గర ఉంటే ఒక్కటంటే ఒక్కటి, వసారాకు, మందంగా కట్టించుకోండి. దాని ముందు డజను ఉత్తుత్తి కమానులు నిలవవు.

రెండో దారి, ముందు సాదాగా వదిలేసి ఇంటి మధ్యలో తొట్టి పెట్టుకోవడం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు చాలు. పక్కల ఖాళీ వదిలాక మీకు వెడల్పు 24 అడుగులు మిగులుతుంది. తొట్టికి 10 పోతే ఒక పక్క పడకగది, ఇంకో పక్క నడవ వస్తాయి. గదులు తగ్గుతాయి, దాచిపెట్టడం ఎందుకు? మూడు పడకగదులు కావాలంటే ఈ దారి ఇరుకు. అప్పుడు మధ్యలో కాకుండా ప్రహరీ గోడకు ఆనించి పక్కన 8 అడుగుల జాగా తెరవవచ్చు, గాలి తగ్గినా వెలుతురు వస్తుంది. కప్పు లేదు కాబట్టి 120 చదరపు అడుగులకు 2.28 లక్షలు మిగులుతాయని సంబరపడకండి. చుట్టూ గోడలు, తలుపులు, పైన ఇనుప జాలీ కలిసి అందులో చాలాభాగం తినేస్తాయి. ఖాళీ జాగాను మేస్త్రీ కట్టుబడి కింద కొలుస్తాడా లేదా అన్నది ముందే కాగితం మీద రాయించండి. ఈ ఒక్క మాట రాయించుకోక నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. వాస్తు పేరు చెప్పి ఎవరైనా అడ్డుపడితే, నడిమి జాగా తెరిచి ఉంచమనే శాస్త్రం చెబుతుందని మీ అత్తగారే బదులిస్తారు.

తొట్టి కష్టాలు కూడా చెప్పాలి. దుమ్ము వస్తుంది. దోమలు వస్తాయి, వసారా తలుపులకు మెష్ తప్పదు. వాన విషయంలో మనకూ స్పెయిన్‌కూ తేడా ఉంది. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడి. మనకు వేసవి దాటగానే ఈదురుగాలితో ఏటవాలుగా కొడుతుంది. అందుకని వసారా చూరు కనీసం మూడు అడుగులు ముందుకు రావాలి, తొట్టి నేల ఇంటి నేల కంటే అర అడుగు కిందికి ఉండాలి. 50 మిల్లీమీటర్ల వాన ఒక్క రాత్రి పడితే మీ తొట్టిలోకి సుమారు 550 లీటర్లు దిగుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో ఆ నీళ్లు రోడ్డు మీదికి పంపడం పాపం. జల్లెడ పెట్టిన గొట్టంతో సంపుకు కలపండి. మే నెల ఎండకు సెవిల్‌వాళ్లు పాటియో మీద గుడ్డ పరదా లాగుతారు, రాత్రి తీసేస్తారు. పగటి వేడి లోపలికి రాకుండా, రాత్రి చల్లగాలి దిగేటట్టు. నర్సరీల్లో వాడే పచ్చ నెట్టు ఆ పనికి సరిపోతుంది.

మూడో దారి నాకు ఎక్కువ ఇష్టం, కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి వినండి. ఇప్పుడు చేయకపోతే ఎప్పటికీ చేయలేనివి ఇప్పుడు చేయడం, తక్కినవి ఐదేళ్లలో నిదానంగా చేసుకోవడం. తొట్టి, గోడ మందం, కిటికీల చోటు, నేల వాలు, గోడ గూళ్లు ఇప్పుడే కావాలి. సున్నం, పింగాణీ పలకలు, ఇనుప పని, కుండీలు ఎప్పుడైనా వస్తాయి. పడమటి గోడ ఒక్కటీ 14 అంగుళాలు కట్టించండి. కిటికీ చట్రాన్ని గోడ లోపలి అంచుకు బిగించమనండి. అప్పుడు బయట గోడ మందం కనిపిస్తుంది, ఆ లోతులో నీడ పడుతుంది. మీరు ఫోటోల్లో చూసి ముచ్చటపడిన "మందపు గోడ" రహస్యం ముప్పావు వంతు ఇదే, చట్రం అలా బిగించడానికి ఖర్చు దాదాపు సున్నా.

తెల్లరంగు గురించి ఒక హెచ్చరిక. మన ఎర్రమట్టి నేలలో మొదటి వానకే అడుగు రెండడుగులు చిందులు పడి గోడ పాడవుతుంది. ఆండలూసియాలోనూ ఇదే బెడద ఉండి, గోడ అడుగున పసుపు మట్టిరంగో నీలమో పట్టీ వేస్తారు. మీ అత్తగారు సున్నం గోడకు కింద జాజు పూసేవారు కదా? అదే. పలకలు మెట్ల నిలువు ముఖాలకు మాత్రమే వేయండి, పది పన్నెండు మెట్లకు ఖర్చు తక్కువ, కంటికి ఎదురుగా ఉంటాయి. స్పానిష్ వాళ్లు వాటిని అజులేహో అంటారు, నునుపైన చిన్న రాయి అని అర్థం వచ్చే అరబ్బీ మాట అది. నేలకు దిగుమతి పలకలు వద్దు. చుట్టూ ఉన్నది రాతి సీమ. నీడ ఉన్నచోట కడప నల్లబండ హాయిగా ఉంటుంది, ఎండ పడే తొట్టిలో మాత్రం వద్దు, మధ్యాహ్నం అడుగు పెట్టలేరు. అక్కడ నున్న చేయని లేతరంగు తాడిపత్రి బండ వేయించండి. వంటగట్టుకు కడపరాయి పెడితే నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికిన చోట వెంటనే తుడవాలి. అది సున్నపురాయి, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది.

ఫౌంటెన్ అడిగారు. మా ఇంట్లో ఒకటి ఉండేది. మొదటి ఏడాది నీళ్లు, రెండో ఏడాది దోమలు, మూడో ఏడాది పాత పేపర్లు. మీ ఊరి నీటి ఎద్దడిలో ఒక రాతి తొట్టి పెట్టి రెండు రోజులకోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసేయండి. పక్కన ఒక దానిమ్మ. స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మే, ఆ ఊరి చిహ్నం మీద ఉండేదీ ఆ పండే. మీ జిల్లాలో ఆ చెట్టుకు ఎవరూ నేర్పవలసిన పని లేదు.

మీ ఉత్తరం ఆరో పేజీలో, అంచున అడ్డంగా రాసిన ఒక వాక్యం ఉంది. ఉరవకొండ వైపు మీ వారి సొంతూళ్లో పాత మిద్దె కూలి, దూలాలూ తలవాకిలీ వానకు తడుస్తున్నాయని. మీరు దాన్ని ఎందుకో పక్కన రాశారు. నాకైతే అదే నడిమి మాట. స్పానిష్ ఇంట్లో కప్పు కింద కనిపించే ముదురు దూలాల కోసం జనం ప్లాస్టిక్ దూలాలు కొని అతికిస్తున్నారు. మీకు నిజమైనవి ఉన్నాయి. ముందుగా మీ మరుదులను అడగండి, వాటా తేలని కర్రను ఎత్తుకొస్తే ఇంకో తగాదా మొదలవుతుంది. ఆపై ఒక వడ్రంగిని తీసుకెళ్లి చెద పట్టిందేమో ఉలితో పొడిచి చూపించుకోండి. సగం పనికొచ్చినా వసారా కప్పుకు చాలు. తలవాకిలి నిలిస్తే తొట్టిలోకి వెళ్లే గుమ్మానికి పెట్టండి.

ఆ తలవాకిలి మీద చిన్నప్పుడు మీ వారి ఎత్తు గీసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దాన్ని ఆయనను మెత్తబరిచే ఎత్తుగా మాత్రం వాడకండి. ముప్పై ఏళ్ల కాపురంలో ఎత్తులు ఇట్టే తెలిసిపోతాయి. నిజంగా కావాలనిపిస్తేనే అడగండి.

ఇక నవ్వు సంగతి. ఇంటి మాట ఎత్తకుండా, ఒక్క ఆ రోజు గురించే చెప్పండి. "మీరు వద్దన్నందుకు కాదు, నేను ఎదురుగా ఉండగా ఇంజనీరుతో అన్నందుకు బాధపడ్డాను" అన్నంత చిన్నగా. అప్పుడే మీరన్న మాటను కూడా వెనక్కి తీసుకోండి. గృహప్రవేశానికి రాననడం పందెంలో తాళిబొట్టు పెట్టడం లాంటిది, గెలిచినా మిగిలేది ఏమీ లేదు. ఆయన క్షమాపణ చెబుతారని నేను హామీ ఇవ్వలేను. ఆ తరం మగవాళ్లలో చాలామంది ఆ మాట నోటితో అనరు, మరునాడు అడగకుండా మార్కెట్ నుంచి మల్లెపూలు తెస్తారు. అది మీకు చాలుతుందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. చాలదంటే చాలదని చెప్పే హక్కు కూడా మీకు ఉంది. ఏమీ అనకుండా పెంకుల కోసం పట్టుబట్టడం ఒక్కటే వద్దంటాను, ఎందుకంటే పెంకులు వచ్చినా ఆ రోజు అలాగే ఉంటుంది.

కొడుకు అద్దాల గురించి ఒక్క ముక్క. పడమటి ఎండకు ఎదురుగా అద్దం పెట్టించేవాడు కరెంటు బిల్లు కూడా తనే కడతానని రాసివ్వాలి.

ఇంజనీరు మళ్లీ వచ్చేలోగా ఒక సాయంత్రం నాలుగు గంటలకు స్థలానికి వెళ్లండి. తాడు, నాలుగు మేకులు, ముగ్గుపిండి తీసుకోండి. పదడుగులు, పన్నెండడుగులు కొలిచి తొట్టిని నేల మీద గీయండి. అత్తగారిని ఆటోలో తీసుకెళ్లి ఆ గీత లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఎండ ఎక్కడ పడుతుందో, గాలి ఎటునుంచి కొడుతుందో ఆవిడ చెబుతారు, మీరు రాసుకోండి. ఫోటోలు ఫోనులోనే ఉండనివ్వండి. కుర్చీలు మాత్రం మూడు తీసుకెళ్లండి.